సంతకం ఎవరిది?

(నారపల్లిలో మన సంఘం వార్షిక సభ రోజున యువతీయువకులతో పంచుకున్న మాటలు. ఈ ప్రత్యేక సంచిక కోసం కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)



పొద్దున్నుంచి పాటలయ్యాయి, ఆటలయ్యాయి. వెనకాల వంట అవుతున్నది, వాసన మాకూ తగులుతున్నది. ఇటువంటి సమయంలో మైకు పట్టుకుని ఆరోగ్యం గురించి మాట్లాడతామంటే మీ ముఖాలు ఎట్లా మారాయో ఇక్కడ నిలబడి చూస్తే బాగా కనిపిస్తున్నది. చేతులు కడుక్కోండి, నీళ్ళు కాచి తాగండి, గుట్కా మానండి అని చెబుతారని అనుకుంటున్నారు. అవి చెప్పం. బడి గోడల మీద చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నారు. మేం చెప్పదలచుకున్నది ఒక కాగితం గురించి, ఆ కాగితం కింద ఉండాల్సిన సంతకం గురించి.

మన సంఘంలో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఈ ముచ్చట వాళ్ళ ఊళ్ళది. మీలో చాలామందికి తెలియదు, ఎందుకంటే అప్పుడు మీరు బలపం పట్టుకునే వయసులో ఉన్నారు, కొందరు పుట్టనే లేదు.

2009 జులైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న ఆడపిల్లలకు ఒక టీకా వేయడం మొదలుపెట్టారు. హెచ్‌పీవీ టీకా. ఆడవాళ్ళకు గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఒంట్లోకి రాకముందే, చిన్న వయసులోనే వేసే సూది ఇది. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు తయారు చేసే కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఖమ్మంలో సుమారు 14 వేల మంది పిల్లలు, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సుమారు 10 వేల మంది. ఒక్కొక్కరికి మూడు సూదులు, కొన్ని నెలల ఎడంతో.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకుందాం. హైదరాబాద్‌లో ఆడపిల్లలు లేరా? బంజారాహిల్స్‌లో, జూబ్లీహిల్స్‌లో బడులు లేవా? ఖమ్మమే ఎందుకు? అక్కడ ఆశ్రమ పాఠశాలలు, సర్కారు హాస్టళ్ళు ఉన్నాయి. ఒకే కప్పు కింద వందల మంది ఆడపిల్లలు ఉంటారు. మొదటి సూది వేసిన పిల్ల మూడో సూది నాటికి కూడా అక్కడే దొరుకుతుంది. తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో, తండాలో, పోడు చేనులో ఉంటారు. అడగడానికి రారు. ఇది మా అభిప్రాయం. కానీ హాస్టల్లో చదివిన వాళ్ళు ఇక్కడ సగం మంది ఉన్నారు, మీరే చెప్పండి, మీకు సూది వేసేముందు మీ అమ్మకు ఎప్పుడైనా ఎవరైనా కబురు చేశారా?

2010 మార్చి నాటికి ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పనిచేసే సంఘాల వాళ్ళు భద్రాచలం వెళ్ళారు, హాస్టళ్ళలో పిల్లలతో మాట్లాడారు. వేసిందేమిటో పిల్లలకు సరిగ్గా తెలియదని బయటపడింది. అప్పటికే కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త కూడా వచ్చింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు, వాళ్ళలో ఐదుగురు మన వాళ్ళు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పని మొత్తం ఆపేసింది, విచారణకు కమిటీ వేసింది.

తర్వాత పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం కూడా ఈ సంగతి తీసుకుంది. 2013 ఆగస్టులో 72వ నివేదిక ఇచ్చింది. అందులో ఉన్న అంకెలు మీ ఫోన్లో రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 

అమ్మ కాదు, నాన్న కాదు, వార్డెన్.

వార్డెన్లను తిట్టడానికి చెప్పడం లేదు. మన బంధువుల్లోనే వార్డెన్లు ఉన్నారు, పైనుంచి ఉత్తర్వు వస్తే వాళ్ళేం చేస్తారో మనకు తెలుసు. సంతకం పెట్టవచ్చని పైనుంచే వచ్చింది, పెట్టారు. మేం చెబుతున్నది ఆ పైన ఉన్నవాళ్ళ గురించి. ఒక పిల్ల ఒంట్లోకి మందు ఎక్కించాలంటే ఆ పిల్ల తల్లిని వెతుక్కుంటూ పోవాలని, ఆమెకు అర్థమయ్యే మాటలో చెప్పాలని, వద్దంటే తిరిగి రావాలని వాళ్ళకు తోచలేదు. ఓటు కోసమైతే అదే తల్లి దగ్గరకు వాగులు దాటి పోతారు.

ఇప్పుడు రెండో సగం కూడా నిజాయితీగా చెప్పాలి. ఇక్కడే మన వాళ్ళు చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆ ఏడుగురి చావుకు టీకా కారణమని తేలలేదు. విచారణలో బయటికి వచ్చిన కారణాలు వేరు. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒక పిల్ల క్వారీ గుంతలో మునిగిపోయింది. ఒకరు పాముకాటుతో, ఒకరు మలేరియాతో పోయారు. మిగతా ఇద్దరి విషయం అంత స్పష్టంగా తేలలేదు, ఒకరిది తీవ్ర జ్వరమని, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చని అన్నారు. పాథ్ సంస్థ కూడా తమ మీద వచ్చిన ఆరోపణలను ఒప్పుకోలేదు. టీకా సంగతికి వస్తే అది పనికొచ్చే టీకా, ప్రపంచమంతా వేస్తున్నారు. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో మన కేంద్ర ప్రభుత్వం కూడా 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని చెప్పింది. మీ ఇంట్లో ఆ వయసు చెల్లెలు ఉంటే, డాక్టరుతో మాట్లాడి, అమ్మానాన్నలకు చెప్పి, తప్పకుండా వేయించండి.

టీకా తప్పు కాకపోతే ఇంక గొడవేముంది అని అప్పట్లో కొందరు పెద్దమనుషులు అన్నారు. ఆ చావుల జాబితా ఇంకోసారి చదవండి. పురుగుల మందు. క్వారీ గుంత. పాముకాటు. మలేరియా. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లలు. ఇవి ఏ ఊరి పిల్లలకు వచ్చే చావులు? పాము కరిచిన గంటలో విరుగుడు మందు దొరికే చోట పిల్ల పాముకాటుతో చనిపోదు. మలేరియా అయితే చెప్పనే అక్కర్లేదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేట దగ్గర. ఇక్కడి నుంచి గంట ప్రయాణం. కనిపెట్టి నూట పదేళ్ళు దాటిన తర్వాత కూడా అదే జ్వరంతో పిల్లలు పోతుంటే, టీకా వల్ల కాదు అని ఫైలు మూసేసి ఊపిరి పీల్చుకోవడం ఎట్లా కుదురుతుంది? ప్రాజెక్టు లేకపోతే ఆ ఏడుగురి పేర్లు ఢిల్లీ దాకా వెళ్ళేవే కాదు. 

ఈ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడవచ్చా లేదా అన్న ప్రశ్న మీద రాజ్యాంగ ధర్మాసనం కూర్చుంది. చూడవచ్చని 2018 మే 9న తీర్పు చెప్పింది. కల్పనా మెహతా కేసు అంటారు. లా చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, మీ లైబ్రరీలో తీసి చదవండి. పాఠంలో అది పార్లమెంటుకు, కోర్టుకు మధ్య అధికారాల సంగతిగా వస్తుంది. అది మొదలైంది మన హాస్టల్ పిల్లల దగ్గర అని పాఠం చెప్పే సారుకు కూడా తెలియకపోవచ్చు.

మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. 2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు మన సంఘం వాట్సాప్ గ్రూపులోనే పుకార్లు తిరిగాయి. పిల్లలు పుట్టరని, రెండేళ్ళలో పోతారని. వాటిని ముందుకు తోసిన వాళ్ళలో ఈ వేదిక మీద కూర్చున్న పెద్దలం కూడా ఉన్నాం. ఖమ్మంలో అట్లా చేశారు కదా, ఇక్కడ మాత్రం చేయరా అన్నది మా మనసులో మాట. తర్వాత సిగ్గుపడ్డాం, టీకాలు వేయించుకున్నాం, నలుగురిని తీసుకుపోయాం. అడగకుండా ఒకసారి సూది వేస్తే, పదేళ్ళ తర్వాత అడిగి వేస్తామన్నా జనం నమ్మరు. ఆ నష్టం కూడా మనదే అవుతుంది, టీకా వేయించుకోక పోయేది మన ప్రాణమే కనుక.

ఇట్లాంటిది మనకొక్కరికే జరిగిందనుకోకండి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ లోపల హవాసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. షుగర్ వ్యాధి వాళ్ళను పీడిస్తుంటే, 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కారణం తెలుసుకుంటామని రక్తం తీసుకున్నారు. నమ్మి ఇచ్చారు. ఆ రక్తంతోనే మానసిక వ్యాధుల మీద, రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళ మీద, ఈ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీద పరిశోధనలు చేశారు. తాము ఆ లోయలోనే పుట్టామని చెప్పుకునే జనం వాళ్ళు. తమ రక్తమే తమ పుట్టుక కథకు ఎదురు సాక్ష్యం చెప్పిందని తెలిసి కుమిలిపోయారు. ఒక ఆడబిడ్డ ఆ యూనివర్సిటీలో ఒక ప్రసంగం వినడానికి వెళ్ళి, అక్కడ ప్రశ్న అడగబట్టి ఇది బయటపడింది. గుర్తుపెట్టుకోండి, చదువుకున్న ఒక్క పిల్ల లేచి నిలబడి అడిగింది. 2010లో యూనివర్సిటీ రాజీకి వచ్చింది, 7 లక్షల డాలర్లు ఇచ్చింది, మిగిలిన రక్తం సీసాలు తిరిగి ఇచ్చేసింది. ఆ తెగ వాళ్ళు వాటిని ఇంటికి తీసుకుపోయారు.

దక్షిణాఫ్రికాలో సాన్ జనం 2017లో తమ నియమావళి తామే రాసుకున్నారు. మా మీద పరిశోధన చేయాలంటే ముందు మా దగ్గరికి రండి, గౌరవంగా మాట్లాడండి, నిజం చెప్పండి, దొరికిన ఫలితం మాకూ తెలపండి అన్నది దాని సారం. చదువు తక్కువ ఉన్న జనమే రాసుకున్నారు. 

మన దగ్గరకు వద్దాం. సికిల్ సెల్ అనే రక్త వ్యాధి గోండు, కోయ, కొలాం కుటుంబాల వాళ్ళకు కొత్త కాదు. రక్తంలోని ఎర్ర కణాలు కొడవలిలాగా వంకర తిరుగుతాయి. కీళ్ళనొప్పులు, రక్తం తగ్గడం, పిల్లలు పదే పదే మంచం పట్టడం. మన లంబాడా కుటుంబాల్లో తలసీమియా కనిపిస్తున్నది. రెండూ తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేవే. 2023 జులై 1న ప్రధాని మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన పథకం మొదలుపెట్టారు. 2047 నాటికి ఈ వ్యాధి సమస్య లేకుండా చేయాలని, నలభై ఏళ్ళలోపు 7 కోట్ల మందికి రక్త పరీక్ష చేయాలని లక్ష్యం. పరీక్ష చేశాక కార్డు ఇస్తారు.

మంచి పనే. చేయించుకోండి. కానీ కార్డు మీద ఏముందో మీకు అర్థం కావాలి, అందుకే రెండు నిమిషాలు. వాహకులు అంటే రోగులు కారు. ఆ జన్యువు ఒక వైపు నుంచే వచ్చిన వాళ్ళు, మామూలుగా బతుకుతారు. వాహకుడు ఇటువంటి జన్యువు లేని పిల్లను చేసుకుంటే పిల్లలకు వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు వ్యాధి వచ్చే అవకాశం ఉంటుంది. ఇంతే లెక్క. ఈ లెక్క చెప్పకుండా కార్డు చేతిలో పెట్టి పంపితే ఏమవుతుంది? పెళ్ళి సంబంధాల దగ్గర ఆ కార్డు ఆడపిల్ల మెడకు బిళ్ళలాగా తగులుకుంటుంది. మగపిల్లవాడి కార్డు ఎవరూ అడగరు. ఇది జరగకూడదంటే చెప్పేవాళ్ళు కావాలి, మన భాషలో చెప్పేవాళ్ళు. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్న మీరే ఆ పని చేయగలరు.

ఇదంతా ఏజెన్సీ సంగతి, మనం పట్నం వచ్చాం కదా, నారపల్లిలో ఉన్నాం కదా అని వెనక నుంచి ఒక తమ్ముడు గొణుగుతున్నాడు. వినిపించింది. అక్కడికే వస్తున్నాం.

గిరిజనుల ఆరోగ్యం మీద డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం ఒక నిపుణుల కమిటీ వేసింది. 2018లో నివేదిక వచ్చింది. దేశంలో మన జనాభా వందకు తొమ్మిది లోపే. మలేరియా చావుల్లో మాత్రం సగం మనవే అని అందులో ఉంది. టీబీ మిగతా వాళ్ళకంటే రెట్టింపు దాటి ఉందని ఉంది. ఈ అంకెల కంటే మాకు ఎక్కువ తగిలింది ఇంకొకటి. దేశంలో గిరిజనుల్లో సగం మందికి పైగా గిరిజనులు ఎక్కువగా ఉండే బ్లాకుల బయటే ఉంటున్నారట. అంటే మనమే. మనకు ఐటీడీఏ లేదు. ఉట్నూరులో ఉంది, ఏటూరునాగారంలో ఉంది, భద్రాచలంలో ఉంది, చెంచుల కోసం మన్ననూరులో ఉంది. నారపల్లిలో మనం మున్సిపాలిటీ లెక్కలో ఉత్త అద్దె ఇంటివాళ్ళం. దవాఖానలో ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఆడా మగా అని రాస్తారు. మన తెగ రాయరు. మన పిల్లల్లో ఎంతమందికి రక్తం తక్కువ, మన ఆడవాళ్ళలో ఎంతమందికి కాన్పు కష్టమైంది అని ఎవరినైనా అడగండి, జవాబు రాదు. అక్కడ హాస్టళ్ళలో మనల్ని లెక్కపెట్టారు గానీ అడగలేదు. ఇక్కడ అడగడమూ లేదు, లెక్కపెట్టడమూ లేదు.

మన దారి ఒకసారి కళ్ళముందుకు తెచ్చుకోండి. హబ్సిగూడ, తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయుడి కంచంలో ఏం ఎంత ఉండాలో దేశానికి చెప్పేది అదే. ఆ పక్కనే సీసీఎంబీ, కణాలను, జన్యువులను చదివే పెద్ద సంస్థ. అక్కడి నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు, బోడుప్పల్, మేడిపల్లి దాటి పదీ పన్నెండు కిలోమీటర్లు వస్తే మన గదులు. కంచంలో ఏముండాలో తెలిసిన చోటికి, ఆ కంచంలో అన్నం, పచ్చిపులుసు తప్ప ఏమీ లేని చోటికి ఒకే బస్సు టికెట్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు వందకు 35 మందికి పైగా అయితే, ఎస్టీ పిల్లల్లో 41 మంది దాకా ఉన్నారు. ఆ పిల్లలకు తిండి మీద శాస్త్రం కరువై ఎత్తు ఆగలేదు.

ఈ రోడ్డు సంగతే చూడండి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ళకు ఏళ్ళు సాగాయి. కారు అద్దాలు ఎక్కించుకుని పోయేవాడికి అది ట్రాఫిక్ సమస్య. రోడ్డు పక్కన మిర్చి బండి పెట్టుకున్న మన అక్కకు, ఆటో నడిపే మన అన్నకు అది ఊపిరితిత్తుల సమస్య. డాక్టరు డస్ట్ అలర్జీ అని రాస్తాడు. ఆ దుమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో చీటీలో రాయడానికి గడి ఉండదు.

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల్లో మన వాళ్ళు ఎంతమంది లేరు! అయినా మనలో ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఇందాక ఎన్ని చేతులు లేచాయో చూశారు. నెలకు 21 వేల లోపు జీతం ఉండి, పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట అయితే ఆ కార్డు రావాలి. జీతంలో మీ వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. కాంట్రాక్టర్ కింద ఉన్నా హక్కు ఉంటుంది. ఆ 3.25 మిగుల్చుకోవడానికే చాలామంది కాంట్రాక్టర్లు మీ పేరు రిజిస్టరులో ఎక్కించరు. ఎవరి ఆరోగ్యం ఎవరి లాభంలో కలుస్తుందో ఈ ఒక్క లెక్కలో తెలిసిపోతుంది. జీతం చీటీ అడగండి. చీటీ ఇవ్వకపోతే సంఘానికి చెప్పండి, నలుగురం కలిసి అడుగుదాం.

1848లో ఐరోపాలో ఇట్లాంటిదే జరిగింది. అప్పర్ సైలీషియా అనే ప్రాంతంలో టైఫస్ జ్వరం వచ్చి పేదలు రాలిపోతుంటే ప్రష్యా ప్రభుత్వం విర్కో అనే డాక్టరును చూసి రమ్మని పంపింది. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు, మీ వయసే. అక్కడి జనం పోలిష్ మాట్లాడేవాళ్ళు, వాళ్ళ మీద ఉన్న అధికారులు జర్మన్లు. ఆయన మూడు వారాల పాటు ఆ గుడిసెలు తిరిగాడు. తిరిగొచ్చి మందుల జాబితా రాస్తాడనుకుంటే, వీళ్ళకు తమ భాషలో చదువు ఇవ్వండి, ఆడపిల్లలకూ ఇవ్వండి, రోడ్లు వేయండి, పన్నులు తగ్గించండి, తమను తాము పాలించుకునే హక్కు ఇవ్వండి అని రాశాడు. సర్కారుకు నచ్చలేదు. నచ్చదు మరి. 

ఇప్పుడు మన బస్తీ అక్క సంగతి చెబుతాం. ఆమెను అడిగి, ఆమె సరే అన్నాకే చెబుతున్నాం. పేరు చెప్పవద్దన్నది, చెప్పం. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చింది. అపార్ట్‌మెంట్లలో పని చేస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళప్పుడు తెల్లబట్ట, కడుపునొప్పి అని ఒక ప్రైవేటు దవాఖానకు పోయింది. క్యాన్సర్ అవుతుందేమో, గర్భసంచి తీసేస్తే బాధే ఉండదు అన్నారు. భర్త అడ్డా మీద కూలీ, ఆ రోజు పనికి పోలేదు. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితం మీద ఆయన చేత వేలిముద్ర వేయించారు. ఒళ్ళు ఆమెది, వేలిముద్ర ఆయనది. అప్పు ఇద్దరిదీ. ఆపరేషన్ అయ్యాక నడుంనొప్పి, వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలైంది. రెండేళ్ళ తర్వాత మన నర్సింగ్ చెల్లెలు ఆ కాగితాలు చదివితే తెలిసిందేమిటంటే, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. క్యాన్సర్ పరీక్ష చేసిన రిపోర్టు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. 

అక్క ఒక మాట అన్నది. "చదివి చెప్పేటోళ్ళు ఒక్కరున్నా ఆ రోజు ఇంటికొచ్చేదాన్ని కదా." మేం తల దించుకున్నాం. ఆ దవాఖానకు ఆమె గది రెండు సందుల అవతలే. మన సంఘం అప్పటికి ఏడాదికి రెండు పండగలు, ఒక క్రికెట్ టోర్నమెంటు చేస్తున్నది.

మీకు పనికొచ్చే కాగితం ఒకటి ఉంది. రోగుల హక్కుల పత్రం. జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేస్తే, 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపింది. ఏ జబ్బో, ఏ వైద్యమో, ఎంత ఖర్చో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆపరేషన్ ముందు వివరించి అంగీకారం తీసుకోవాలి. ఇంకో డాక్టరు దగ్గర అభిప్రాయం తీసుకుంటామంటే ఆపకూడదు. కేసు కాగితాల నకళ్ళు అడిగితే ఇవ్వాలి, డిశ్చార్జి అయ్యాక 72 గంటల్లోపు. దవాఖానలో ఇవి అడిగితే నర్సు కసురుకుంటుంది, రిసెప్షన్‌లో పిల్ల కంప్యూటరు వైపు తిరుగుతుంది, మీకు చెమట పడుతుంది. తెలుసు. మాకూ పట్టింది. ఒక్కరు అడిగితే కసురుతారు, ఇద్దరు అడిగితే కాగితం వెతుకుతారు. అందుకే తోడు పోవాలి అంటున్నాం.

పిల్లల మీద పరిశోధన ఏదైనా జరిగితే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారం ఒక్కటే చాలదు. ఏడేళ్ళు దాటిన పిల్లను కూడా నోటితో అడగాలి, పన్నెండు దాటితే ఆ పిల్ల చేత రాయించుకోవాలి. ఖమ్మం పిల్లల వయసు గుర్తుందా? పది నుంచి పద్నాలుగు. మీ చెల్లెళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు మార్కులు అడుగుతారు. ఏం సూది వేశారు, ఏం గోలీలు ఇచ్చారు, తిండి ఎట్లా ఉంది అని కూడా అడగండి. 2024 అక్టోబర్ చివర్లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి ఎంతోమంది ఆడపిల్లలు దవాఖాన పాలయ్యారు. వాళ్ళలో ఒక బిడ్డ నెల రోజులు కొట్లాడి నవంబర్ 25న నిమ్స్‌లో కన్నుమూసింది. ఆ బిడ్డ పేరు మీకు తెలుసు, ఇక్కడ మళ్ళీ చెప్పం. 

సంఘం తరఫున మేం అనుకున్నవి రెండు పనులు. మొదటిది లెక్క. మన బస్తీలో, చుట్టుపక్కల అన్నోజిగూడ, చెంగిచెర్ల దాకా మన కుటుంబాలు ఎన్ని, ఏ తెగ, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరికి ఏ కార్డు ఉంది, ఈ ఏడాది దవాఖానకు ఎంత అప్పు చేశారు అని ఒక నోటు పుస్తకంలో రాద్దాం. రాసేముందు ఎందుకు రాస్తున్నామో చెప్పాలి, వద్దన్న వాళ్ళది రాయకూడదు, తర్వాత కొట్టేయమంటే కొట్టేయాలి. మనల్ని అడగలేదని ఇంతసేపు గోల చేసి మనమే అడగకుండా రాస్తే బాగుండదు. ఆ లెక్క పట్టుకుని మున్సిపాలిటీకి, జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి పోదాం.

రెండోది తోడు. మనలో గోర్ బోలి వచ్చినవాళ్ళు, కోయ వచ్చినవాళ్ళు, గోండి, ఎరుకల వచ్చినవాళ్ళు పేర్లు ఇవ్వండి. బస్తీ దవాఖానకైనా, గాంధీకైనా, ప్రైవేటుకైనా ఎవరైనా పోతుంటే ఒకరు వెంట పోవాలి. డాక్టరుతో గొడవ పడడానికి పోవద్దు, మంచి డాక్టర్లు మనకు చాలా మంది ఉన్నారు. కాగితం చదివి, పక్కవాళ్ళకు వాళ్ళ మాటలో చెప్పి, వాళ్ళు సరే అన్నాక వాళ్ళ చేతే సంతకం పెట్టించాలి. అంతే పని. ఇప్పటికి పదకొండు మంది పేర్లు ఇచ్చారు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలే. మగపిల్లలు క్రికెట్ టీముకు ఎట్లా ఎగబడ్డారో దీనికీ అట్లాగే రావాలి.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాల్లో కలుద్దాం. ఇంట్లో ఉన్న పాత దవాఖాన కాగితాలు, ఎక్స్‌రేలు, స్కానింగులు, పాలిథిన్ సంచుల్లో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టినవన్నీ తీసుకురండి. అక్క కూడా వస్తానన్నది. చదవగలిగిన వాళ్ళు చదవని వాళ్ళ పక్కన కూర్చోవాలి. జిరాక్స్ ఖర్చు సంఘానిది, పెన్నులు మాత్రం మీవే. భోజనాలు సిద్ధమని వంటవాళ్ళు ఎప్పటి నుంచో సైగ చేస్తున్నారు, ముందు పిల్లలను కూర్చోబెట్టండి.